చ్వెన్‌జౌలో నాలుగు రోజులు: ఎలా వెళ్లాలి, ఏం తినాలి, ఎక్కడ ఆగి చూడాలి

టికెట్ కొనే ముందు ఈ చైనా ఊరి పేరు నోటికి పట్టించుకోండి. ఇంగ్లీషులో క్యూ అక్షరంతో రాస్తారు కాబట్టి మనవాళ్లు క్వాన్‌జౌ అంటారు. అక్కడివాళ్లకు అలా చెబితే అర్థం కాదు, చ్వెన్‌జౌ అనాలి. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ వేరే ఊరు. అది పెద్ద వ్యాపార నగరం, మన వ్యాపారులు సరుకుల కోసం ఎప్పుడూ వెళ్లొచ్చే చోటు. టికెట్ యాప్‌లో కంగారుగా నొక్కితే ఒక ఊరికి బదులు ఇంకో ఊరి టికెట్ వచ్చే ప్రమాదం ఉంది. చ్వెన్‌జౌ ఉన్నది ఫూజ్యెన్ రాష్ట్రంలో, తైవాన్‌కు ఎదురుగా ఉన్న సముద్రతీరంలో.

ఈ ఊరికే ఎందుకు వెళ్లాలంటే, పదో శతాబ్దం నుంచి పద్నాలుగో శతాబ్దం దాకా ప్రపంచంలోని అతి పెద్ద ఓడరేవుల్లో ఇదొకటి. అరబ్బులు దీన్ని జైతూన్ అనేవారు. ఊరంతా ఎర్రగా పూసే ఒక చెట్టు చైనీస్ పేరు మీదుగా ఆ మాట వచ్చింది. ఆ చెట్టు మనకు తెలిసిన బాడిదే. మార్కో పోలో ఈ రేవును చూసి, ఇక్కడి నుంచే 1292 ప్రాంతంలో ఓడెక్కి పడమటికి తిరిగాడు. తన ప్రయాణ కథనంలో మన మోటుపల్లి గురించి కూడా 'ముత్ఫిలి' అనే పేరుతో చెప్పాడు. అక్కడి రాణినీ, సాలెగూడంత సన్నని బట్టలనూ పొగిడాడు. చీరాల దగ్గరున్న ఆ మోటుపల్లిలోనే కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును ఇకపై రాజు లాక్కోడు, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాడని విదేశీ వర్తకులకు మాటిచ్చిన శాసనం అది. ఆ రోజుల్లో మన తీరం నుంచి తూర్పుకు సాగిన సముద్ర వ్యాపారానికి కొసన ఉన్న ఊరు చ్వెన్‌జౌ. నేను వెళ్లింది ఈ సంగతి మనసులో పెట్టుకునే.

2021లో యునెస్కో ఈ ఊళ్లో, చుట్టుపక్కల ఉన్న 22 చోట్లను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా మన దేశం నుంచి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. వెళ్లినవాళ్లలో కూడా ఎక్కువమంది పక్కనున్న శ్యామెన్‌లో దిగి, ఒక పూట ఇటు వచ్చి, గుడి ముందు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మొదటిసారి నేను చేసిందీ అదే. అప్పుడు చూడనిదంతా చూడటానికి రెండోసారి వెళ్లాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, నాలుగు రోజులు పెట్టుకోండి.

బయలుదేరే ముందు

వీసా తప్పనిసరి. చాలా దేశాలవాళ్లకు చైనా ఇస్తున్న వీసా మినహాయింపులు భారత పాస్‌పోర్టుకు వర్తించవు. కొన్నేళ్లు ఆగిపోయిన టూరిస్ట్ వీసాలను మళ్లీ ఇస్తున్నారు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, రానూపోనూ టికెట్లు, హోటల్ బుకింగ్, ఏ రోజు ఎక్కడ ఉంటారో వివరంగా రాసి ఇవ్వాలి. ప్రయాణానికి నెలన్నర ముందు ఆ పని మొదలుపెడితే టెన్షన్ ఉండదు. రద్దు చేసుకోవడానికి వీలున్న టికెట్లు, గదులే బుక్ చేసుకోండి.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు తేలికైన దారి సింగపూర్, కౌలాలంపూర్ లేదా బ్యాంకాక్‌లో విమానం మారి శ్యామెన్ చేరడం. శ్యామెన్ నుంచి హైస్పీడ్ రైల్లో చ్వెన్‌జౌ అరగంట పైచిలుకు. హైదరాబాద్ నుంచి హాంకాంగ్‌కు నేరుగా విమానం ఉంది, అక్కణ్నుంచి కూడా రైలు దొరుకుతుంది. ఒక జాగ్రత్త ఏమిటంటే, హాంకాంగ్ విమానాశ్రయం దాటి ఊళ్లోకి అడుగుపెట్టాలంటే భారతీయులు ముందే ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. అది లేకపోతే విమానమే ఎక్కనివ్వరు. రైలు టికెట్ కొనేటప్పుడు స్టేషన్ పేరు కూడా చూసుకోండి. చ్వెన్‌జౌ తూర్పు, చ్వెన్‌జౌ దక్షిణం అని వేరే స్టేషన్లున్నాయి. పాత ఊళ్లో దిగేవాళ్లకు ఏ దిక్కూ లేని ఉత్త 'చ్వెన్‌జౌ' అనే స్టేషన్ మంచిది. టికెట్‌కీ, ప్లాట్‌ఫాం మీదికి వెళ్లడానికీ పాస్‌పోర్టే ఆధారం, అది చేతికి అందేలా ఉంచుకోండి.

ఫోన్‌లో మూడు పనులు ఇక్కడే పూర్తి చేసుకోవాలి. మొదటిది డబ్బు. మన ఫోన్‌పే, గూగుల్‌పే అక్కడ పనికిరావు. వీధిలో చిలగడదుంపలు కాల్చి అమ్మే ముసలమ్మ కూడా క్యూఆర్ కోడ్ చూపిస్తుంది, కానీ అది అలీపే లేదా వీచాట్. ఇంట్లో ఉండగానే అలీపే పెట్టుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, విదేశాల్లో పనిచేసేలా బ్యాంకులో అనుమతి తీసుకున్న వీసా లేదా మాస్టర్ కార్డును దానికి కలపండి. 200 యువాన్ల లోపు ఖర్చుకు అలీపే అదనంగా ఏమీ తీసుకోదు, దాటితే 3 శాతం తీసుకుంటుంది. యువాన్ అంటే సుమారు 12, 13 రూపాయలు. మన కార్డు ఎప్పుడైనా మొండికేస్తే పనికొచ్చేలా ఒక 500 యువాన్లు నోట్లుగా ఉంచుకోండి. రెండోది ఇంటర్నెట్. వాట్సాప్, గూగుల్ అక్కడి నెట్‌వర్క్‌లో రావు. మన సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుంటే లేదా టూరిస్టుల ఈ-సిమ్ తీసుకుంటే వస్తాయి. మూడోది అనువాదం. చైనీస్ భాషను ఆఫ్‌లైన్‌లో కూడా పనిచేసేలా డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు మీకు బహుశా ఒక్కరో ఇద్దరో తగులుతారు.

గది విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. పాత ఇంటిని బాగుచేసి నడుపుతున్న ఒక చిన్న బసలో గది తీసుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి సూట్‌కేసుతో వెళితే, విదేశీయుల పేర్లు పోలీసు రిజిస్టర్‌లో నమోదు చేయడం తమకు రాదని చేతులెత్తేశారు. చైనాలో విదేశీయులు దిగిన 24 గంటల్లోపు ఆ నమోదు జరగాలి, హోటల్ అయితే హోటల్‌వాళ్లే చేస్తారు. అందుకని గది బుక్ చేసిన వెంటనే, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లను చేర్చుకుంటారా అని మెసేజ్ పెట్టి, జవాబు వచ్చాకే నిశ్చింతగా ఉండండి. పడమటి వీధి, గడియార స్తంభం చుట్టుపక్కల దిగితే సగం ఊరు నడకలోనే ఉంటుంది.

అక్టోబరు రెండో వారం నుంచి డిసెంబరు దాకా వెళ్లడానికి అన్నిటికన్నా మంచి కాలం. అక్టోబరు 1 నుంచి వారం పాటు చైనావాళ్లకు జాతీయ సెలవులు, ఆ వారం వద్దు. మే, జూన్ నెలల్లో వానలు, జులై నుంచి సెప్టెంబరు దాకా ఉక్క, మధ్యలో తుపానులు. చైనా కొత్త సంవత్సరం తర్వాత వచ్చే తొలి పౌర్ణమికి ఊరంతా దీపాలు పెడతారు. జనాన్ని తట్టుకోగలిగితే అప్పుడు వెళ్లండి.

మొదటి రోజు: గుడి ముందు కాదు, గుడి వెనక

పొద్దున్న ఏడింటికే బయటికి రండి. పడమటి వీధిలో దుకాణాలకు ముందు, మన పాత బజార్లలో ఉండే వసారాల్లాంటివి కనిపిస్తాయి. ఇళ్లు ఎర్ర ఇటుకవి, పైకప్పుల కొసలు పిచ్చుక తోకలా రెండుగా చీలి పైకి లేచి ఉంటాయి. ఇక్కడ ఎవరి చేతిలో చూసినా ఒక గిన్నె ఉంటుంది. దాని పేరు మ్యెన్‌శ్యెన్‌హు. వెంట్రుకంత సన్నని గోధుమ సేమ్యాను చిలగడదుంప పిండితో చిక్కబెట్టిన పులుసులో, గంజిలా అయ్యేదాకా ఉడికిస్తారు. దుకాణం ముందు పళ్లేల్లో రకరకాల నంజుళ్లు పేర్చి ఉంటాయి. వేలు పెట్టి చూపిస్తే వాటిని కత్తెరతో ముక్కలు చేసి గిన్నెలో వేస్తారు. పంది మాంసం, పేగులు, ఆలిచిప్పలు, గుడ్డు, నూనెలో వేయించిన పిండి కడ్డీలు ఉంటాయి. మాంసం వద్దనుకుంటే గుడ్డు, పిండి కడ్డీలు చాలు. అయితే పులుసు మాత్రం ఎముకలతోనో సముద్రపు చేపలతోనో కాచినదే అయి ఉంటుంది, శాకాహారులు దాన్ని వదిలేయాల్సిందే. పైన తెల్ల మిరియాల పొడి చల్లుకుని, వేడి తగ్గకముందే తాగేయాలి. నిదానంగా తింటే సేమ్యా పులుసంతా పీల్చేసి ముద్దైపోతుంది.

తిన్నాక అదే వీధిలో ఉన్న కైయువెన్ గుడికి వెళ్లండి. 686లో మొదలైన బౌద్ధాలయం. ఆవరణలో అటూ ఇటూ రెండు రాతి గోపురాలు, రెండూ పదమూడో శతాబ్దంవి, ఒక్కోటీ 40 మీటర్లు పైనే. అందరూ వాటిని చూసి, పెద్ద మందిరం ముందు అగరొత్తులు వెలిగించి వెనక్కి తిరుగుతారు. మీరు తిరగకండి.

ముందుగా మందిరం ఎదుట ఉన్న ఎత్తైన అరుగు దగ్గర వంగి చూడండి. దాని పక్క గోడకు రాతి పలకలు, వాటి మీద సింహం ఒంటికి మనిషి ముఖం ఉన్న బొమ్మలు, డెబ్బైకి పైగా ఉంటాయి. అవి చైనా శిల్పాలు కావు. ఇక మందిరాన్ని చుట్టి వెనక వసారాలోకి వెళ్లండి. మధ్యలో రెండు స్తంభాలు మిగతావాటికన్నా నల్లగా, పదహారు పలకలుగా చెక్కి ఉంటాయి. వాటి మీద గుండ్రటి చట్రాల్లో, అరచేతి కన్నా కాస్త పెద్దవి, చిన్న చిన్న శిల్పాలు. ఒకదాంట్లో నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ని ఒడిలో వేసుకుని చీలుస్తున్నాడు. ఇంకోదాంట్లో కాళియుడి పడగ మీద కృష్ణుడు. మద్దిచెట్లు కూల్చిన బాలకృష్ణుడున్నాడు. మొసలి నోట చిక్కిన ఏనుగు ఉంది.

గజేంద్రమోక్షం పద్యాలు చిన్నప్పుడు బడిలో వల్లెవేసినవాళ్లం మనం. ఆ ఏనుగును చైనాలోని ఒక బౌద్ధాలయం వెనక, ఎవరూ ఆగి చూడని చోట చూసినప్పుడు నాకు మాట రాలేదు. గైడు పుస్తకం అక్కర్లేకుండా ఆ స్తంభాలను చదవగలిగేది మనలాంటివాళ్లమే. ఒక్కో చట్రం ముందూ ఆగి, ఏ కథో మీరే పోల్చుకోండి. పిల్లల్ని తీసుకెళితే వాళ్లతో పోల్చించండి.

ఈ శిల్పాలు ఎలా వచ్చాయంటే, పదమూడో శతాబ్దంలో ఇక్కడ తమిళ వర్తకులు స్థిరపడి గుడి కట్టుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం ఒకటి, కింద చైనీస్ అక్షరాలతో సహా దొరికింది. శివుడికి నమస్కారంతో మొదలై, అప్పటి మంగోలు చక్రవర్తి క్షేమం కోసం గుడి కట్టించినట్టు చెబుతుంది. తర్వాతి శతాబ్దంలో గొడవలొచ్చి విదేశీ వర్తకులు చెదిరిపోయారు, ఆ గుడీ శిథిలమైంది. దాని రాళ్లను ఊళ్లో వాళ్లు తమ కట్టడాలకు వాడుకున్నారు. అలా కైయువెన్‌కు కొన్ని చేరాయి. సముద్ర దేవత మాజుకు కట్టిన థ్యెన్‌హౌ గుడి వెనక మందిరంలో కూడా అలాంటి రెండు స్తంభాలున్నాయి. వీలైతే సాయంత్రం అటు వెళ్లండి, నడిచే దూరమే.

గుడి ఆవరణలోనే తూర్పు వైపు ఒక పాత ఓడ ఉంది. 1974లో ఇక్కడి హౌజూ రేవు బురదలో దొరికింది, పదమూడో శతాబ్దం చివరిది. పొట్టను 13 గదులుగా విడగొట్టి కట్టారు, ఒక గదిలోకి నీళ్లొచ్చినా మిగతావి తేలుతూ ఉండేలా. అందులో మిరియాలు, వక్కలు, గంధపు చెక్కలు, సాంబ్రాణి దొరికాయి. ఆ జాబితా చదివితే మన ఊరి కిరాణా కొట్టు గుర్తొస్తుంది.

రెండో రోజు: ఒకే వీధిలో ఇద్దరు దేవుళ్లు

తూమెన్ వీధికి వెళ్లండి. పాత ఊళ్లో తిరగడానికి తెల్లటి చిన్న ఎలక్ట్రిక్ బస్సులుంటాయి, ఒకటి రెండు యువాన్లే. వీధి పక్కన 1009లో రాతితో కట్టిన చింగ్‌జింగ్ మసీదు కనిపిస్తుంది. ప్రార్థన మందిరానికి పైకప్పు లేదు, నాలుగు రాతి గోడల మధ్య గడ్డి, పైన ఆకాశం. అక్కణ్నుంచి కొద్ది అడుగుల్లోనే యుద్ధవీరుడు గ్వాన్ యూ గుడి. ఒకచోట నిశ్శబ్దం, ఇంకోచోట పొగ, జనం.

గ్వాన్ యూ గుడిలో ఒక మూల నిలబడి పది నిమిషాలు చూడండి. మనిషి మోకాళ్ల మీద కూర్చుని, నెలవంక ఆకారంలో ఉన్న రెండు చెక్క ముక్కలు దోసిట్లో పట్టుకుని, పెదాలు కదుపుతూ తన సంగతంతా దేవుడికి చెప్పుకుంటాడు. తర్వాత వాటిని నేల మీద వేస్తాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవుడు సరేనన్నట్టు. రెండూ ఒకేలా పడితే మళ్లీ అడగాలి. నేను చూసినప్పుడు ఒకామె నాలుగుసార్లు వేసింది. నాలుగోసారి సరేనని పడగానే వెంటనే లేవలేదు, నుదురు నేలకు ఆనించి అలాగే ఉండిపోయింది. ఇలాంటప్పుడు ఫోన్ బయటికి తీయకండి.

మధ్యాహ్నం సముద్రయాన మ్యూజియం. పాస్‌పోర్టు చూపిస్తే ఉచితం. సోమవారాలు మూసేస్తారు కాబట్టి మీ నాలుగు రోజుల్లో సోమవారం ఎక్కడొస్తుందో చూసి ప్లాన్ మార్చుకోండి. మత శిల్పాల హాలుకు నేరుగా వెళ్లండి. అరబిక్ సమాధి రాళ్లు, తామరపువ్వు మీద సిలువ చెక్కిన క్రైస్తవ రాళ్లు, వాటి పక్కనే శివాలయానికి చెందిన ముక్కలు. వాటిలో ఏనుగు శివలింగానికి పూజ చేస్తున్న పలక ఉంది. తమిళులకు అది తిరువానైక్కావల్ శివాలయం కథ. శ్రీకాళహస్తి చూసినవాళ్లకు ఇంకో కథ తోస్తుంది.

సాయంత్రం కన్ఫ్యూషియస్ గుడి ఆవరణ వైపు రండి. అక్కడ నాన్‌యిన్ సంగీతం జరుగుతూ ఉంటుంది. 2009లో యునెస్కో గుర్తించిన చాలా పాత సంప్రదాయం. వీణలాంటి పీపాను నిలబెట్టకుండా ఒళ్లో అడ్డంగా పట్టుకుని వాయిస్తారు, ఒక నిలువు వేణువు ఉంటుంది, పాడే మనిషి చెక్క తాళాలు పట్టుకుంటుంది. చాలా నెమ్మదైన సంగీతం, మొదటి పావుగంట ఓపిక పట్టాలి. తీగ బొమ్మలాట ఎక్కడైనా ఆడుతున్నారని తెలిస్తే తప్పకుండా వెళ్లండి. ఒక్కో బొమ్మకు పదహారుకు పైగా తీగలుంటాయి, బొమ్మ గిన్నె ఎత్తి తాగుతుంది, తూలుతుంది, మళ్లీ నిలదొక్కుకుంటుంది. మన కొయ్య బొమ్మలాట చూసినవాళ్లకు ఆ వేళ్లలో ఎంత సాధన ఉందో ఇట్టే తెలుస్తుంది.

తిండి గురించి వివరంగా

ఇక్కడి తిండిలో కారం దాదాపు ఉండదు. అల్లం, వేరుశనగ, చిలగడదుంప పిండి, సముద్రపు సరుకు, వీటి చుట్టూ తిరుగుతుంది వంట. మాంసం తినేవాళ్లు మొదట అడగాల్సింది అల్లం బాతు. ముదురు అల్లాన్ని పెద్ద పెద్ద చెక్కలుగా కోసి, నువ్వుల నూనెలో బాతు ముక్కలతో కలిపి, మట్టి కుండలో నీళ్లు ఇంకిపోయేదాకా మగ్గబెడతారు. వీధిలో వరుసగా పొయ్యిలు, వాటి మీద కుండలు, మూత తీయగానే అల్లం ఘాటు ముక్కుకు కొడుతుంది. చలికాలంలో ఒళ్లు వెచ్చబడుతుందని తింటారు. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా నచ్చిన వంట ఇదే.

ఆలిచిప్పల అట్టు ఇంకొకటి. చిన్న ఆలిచిప్పల మాంసాన్ని చిలగడదుంప పిండి జారులో కలిపి, గుడ్డు పోసి పెనం మీద కాలుస్తారు. అంచులు కరకరలాడాలి, మధ్యలో మెత్తగా సాగాలి. జనం బాగా ఉన్న దుకాణంలోనే తినండి, సరుకు నిలవ ఉండదు. సముద్రపు పురుగును జెల్లీలా గడ్డకట్టించి అమ్మే తూసున్‌దొంగ్ అనే తినుబండారం ఉంది. చల్లగా, వెల్లుల్లి సాస్‌తో ఇస్తారు. చూడగానే వెనక్కి తగ్గుతాం, రుచి మాత్రం సౌమ్యంగానే ఉంటుంది. ఇష్టముంటేనే ప్రయత్నించండి. గొడ్డు మాంసం పులుసు దుకాణాలు ఊరంతా ఉన్నాయి. తినని వాళ్లు ఆర్డర్ చేసే ముందు ఫోన్‌లో అనువాదం చూసుకోవడం మంచిది, బొమ్మ చూసి పోల్చుకోలేం.

శాకాహారులకు కష్టమే, కానీ ఇబ్బంది పడకుండా గడపొచ్చు. 'సు' (素) అంటే శాకాహారం. ఆ చైనీస్ అక్షరాన్ని ఫోన్‌లో ఫొటోగా పెట్టుకుని, ఆ అక్షరం ఉన్న బోర్డు కోసం చూడండి. బౌద్ధాలయాల చుట్టుపక్కల అలాంటి భోజనశాలలు దొరుకుతాయి, అక్కడ ఏది తిన్నా భయం లేదు. మామూలు హోటల్లో 'మాంసం వద్దు' అంటే మాంసం ముక్కలు మాత్రమే తీసేస్తారు. అందుకే అనువాద యాప్‌లో పూర్తి వాక్యం ముందే రాసి పెట్టుకోండి: "నేను మాంసం, చేప, రొయ్య తినను. పంది కొవ్వు, ఎముకల పులుసు, ఆయిస్టర్ సాస్ కూడా వాడొద్దు. కూరగాయలు నూనెలో వేయించి ఇవ్వండి." వాక్యం ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచిది.

తీపి విషయంలో అందరికీ పండగే. షీహ్వాగావ్ అని సముద్రపు నాచుతో చేసిన పారదర్శకమైన జెల్లీ ఉంటుంది. నేతి బిళ్లలా గడ్డకట్టిన దాన్ని గీరి గిన్నెలో వేసి, తేనె నీళ్లు, ఎర్ర చిక్కుడు గింజలు కలిపి ఇస్తారు. వేసవిలో ప్రాణం లేచొస్తుంది. వేరుశనగ పొడి, పంచదార కూరి పెనం మీద కాల్చే మందపాటి అట్లు వీధుల్లో కోసి అమ్ముతారు, మన బొబ్బట్టు ఇష్టపడేవాళ్లకు నచ్చుతాయి. వేరుశనగ పడనివాళ్లు మాత్రం ఈ ఊళ్లో చాలా జాగ్రత్తగా ఉండాలి, సాస్‌లలో, పొడుల్లో, పులుసుల్లో కూడా వేస్తారు.

మూడో రోజు: ఆటుపోట్ల లెక్క చూసుకుని బయలుదేరండి

ముందు రాత్రి హోటల్‌వాళ్లను మరుసటి రోజు సముద్రం ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో అడగండి. లువోయాంగ్ వంతెనను చూడాల్సింది ఆటు వేళలోనే. ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరం, అలీపేలోనే టాక్సీ పిలవొచ్చు.

1053 నుంచి 1059 దాకా కట్టిన రాతి వంతెన ఇది. త్సాయ్ శ్యాంగ్ అనే అధికారి హయాంలో పూర్తయింది. నది సముద్రంలో కలిసే చోట అడుగంతా బురద, పైన ప్రవాహం జోరు. స్తంభం నిలిచే చోటు కాదు. అందుకని ముందు నది అడుగున ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా రాళ్లు పోసి గట్టులా చేశారు. ఆ రాళ్ల మీద ఆలిచిప్పలను పెంచారు. అవి పెరుగుతూ పెరుగుతూ రాయికీ రాయికీ మధ్య సందుల్లో పెంకులతో అతుక్కుని, సున్నం పెట్టినట్టు బిగించేశాయి. పైన పరిచిన టన్నుల బరువు రాతి దూలాలను పడవల మీద తెచ్చి, పోటుకు నీళ్లు పెరిగినప్పుడు స్తంభాల మీదికి చేర్చి, నీళ్లు తగ్గగానే వాటంతట అవే కూర్చునేలా చేశారు. నీళ్లు తగ్గినప్పుడు వెళితే పడవ ముక్కులా కోసుగా కట్టిన స్తంభాలు, వాటి కింద ఇప్పటికీ అంటుకుని ఉన్న తెల్లటి పెంకులు కనిపిస్తాయి. బురదలో ఆలిచిప్పలు ఏరుకునే ఆడవాళ్లు కూడా ఉంటారు. వంతెన పొడవు కిలోమీటరు లోపే. అటు చివరి దాకా నడిచి రండి, ఎండకు టోపీ, కాళ్లకు జారని చెప్పులు ఉండాలి.

మధ్యాహ్నం శ్యున్‌పు అనే జాలరి పల్లె. ఇక్కడి పాత ఇళ్ల గోడలు అరచేయంత ఆలిచిప్ప పెంకులతో కట్టారు. సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చే ఓడలు తూలకుండా బరువు కోసం వేసుకొచ్చిన పెంకులని ఊళ్లోవాళ్లు చెబుతారు. పల్లెలో పెద్దవయసు ఆడవాళ్లను చూడండి. జుట్టు ముడి వేసి, మధ్యలో ఒక పుల్ల గుచ్చి, చుట్టూ పూలదండలు వలయాలుగా చుట్టుకుని చేపలు అమ్ముతుంటారు. మల్లెమొగ్గలు, చామంతులు, సంపెంగలు. పండగకు కాదు, రోజూ పెట్టుకుంటారు. ఈ జన్మలో పూలు పెట్టుకుంటే వచ్చే జన్మలో అందంగా పుడతామని వాళ్ల మాట.

2023 నుంచి ఈ పూలముడి చైనా అంతటా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు వందల దుకాణాలు వచ్చాయి, డబ్బు తీసుకుని పూలు పెట్టి బట్టలు అద్దెకిస్తారు. రంగు కాగితం పూలు పెట్టే చోట్లు చాలా ఉన్నాయి. నిజం పూలు పెట్టే పెద్దామెను వెతుక్కోండి, ధర ముందే మాట్లాడుకోండి. పూలజడ వేయించుకున్న మన ఆడపిల్లలకు ఆ పది నిమిషాలు కొత్తగా అనిపించదు. మెడ వెనక తడి పూల చల్లదనం, జుట్టు లాగి బిగించే ఆ పెద్ద చేతులు, "కదలకు" అన్నట్టు భుజం మీద తట్టడం, అన్నీ తెలిసినవే.

నాలుగో రోజు: కొండా, కోటా, తేయాకా

మూడింట్లో ఒకటి ఎంచుకోండి, మూడూ ఒకే రోజున కుదరవు.

నడక ఇష్టమైతే చింగ్‌యువెన్ కొండ. ఊరి ఉత్తరాన, సుమారు 500 మీటర్ల ఎత్తు. కింద ఒకే బండరాయిలో చెక్కిన, దావో మత గురువు లావోజీ విగ్రహం ఉంది, ఐదున్నర మీటర్లు దాటిన ఎత్తు, పదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా ఏలిన సాంగ్ వంశం కాలం నాటిది. చెవులు భుజాల దాకా వేలాడుతూ, గడ్డం ఒక పక్కకు ఎగురుతూ ఉంటుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. పైకి మెట్ల దారి ఉంది, రెండు మూడు గంటలు పెట్టుకుంటే పై నుంచి ఊరు, నది, దూరంగా సముద్రం కనిపిస్తాయి. ఎండెక్కకముందే ఎక్కండి.

సముద్రం ఇష్టమైతే హుయ్‌ఆన్ వైపు ఛొంగ్‌వు కోట. 1387లో సముద్రపు దొంగల నుంచి కాపాడుకోవడానికి కట్టిన రాతి గోడ, ఒడ్డునే ఉంది. గోడ మీద నడవొచ్చు, లోపల ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. గాలి ఎక్కువ, చిన్నపిల్లలను చేయి వదలకండి.

టీ ఇష్టమైతే ఆన్‌శీ. త్యె గ్వాన్ యిన్ అనే ఊలాంగ్ తేయాకు పుట్టిల్లు. ఈ తీరంలో మాట్లాడే మిన్నాన్ భాషలో టీని 'తే' అంటారు. ఆ మాటే డచ్చి వర్తకుల ద్వారా ప్రపంచమంతా తిరిగి 'టీ' అయింది. మన తేయాకులో, తేనీరులో ఉన్న 'తే' కూడా ఆ కుదురుదే. ఆన్‌శీ దాకా వెళ్లే తీరిక లేకపోతే చ్వెన్‌జౌలోనే ఏ టీ కొట్టులోనైనా కూర్చోండి. పిలిచి పోస్తారు, కొనమని ఒత్తిడి చేయరు. మూత ఉన్న చిన్న గిన్నెలో ఆకు వేసి, మరిగే నీళ్లు పోసి, మొదటి నీళ్లు పారబోస్తారు. రెండోది మీకు, ఒక గుక్కంత కప్పులో. పాలు, చక్కెర అడగకండి. మీ కప్పు నింపినప్పుడు రెండు వేళ్లతో బల్ల మీద మెల్లగా తట్టండి, అది కృతజ్ఞత చెప్పడం. అదే ఆకులో ఐదారుసార్లు పోస్తారు, ప్రతిసారీ వాసన మారుతుంది.

కొనేటప్పుడు తాగి చూసిన ఆకునే, మీ కళ్లముందే గాలి తీసిన చిన్న ప్యాకెట్లలో కట్టించుకోండి. ఒక్కో ప్యాకెట్ ఒకసారి టీ పెట్టుకోవడానికి సరిపోతుంది. ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో, మసాలాలకు దూరంగా డబ్బాలో పెడితే పచ్చి వాసన కొన్ని నెలలు నిలుస్తుంది.